మీరడిగినారు, చెప్తున్నా: నారింజ జెర్సీ టీమ్ కథ

పోయిన నెల ఈ పేజీలో వాలరెంట్ అనే కంప్యూటర్ షూటింగ్ గేమ్ గురించి రాస్తా రాస్తా ఫ్నాటిక్ అనే గేమింగ్ టీమ్ పేరు ఒక్క లైన్లో చెప్పి ముందుకు పోయినా. అంతే, కర్నూలు నుంచి, అనంతపురం నుంచి, మన కడప నుంచి వరసగా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు, సగానికి పైగా దాని గురించే. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. పేర్లు వేయొద్దని చానామంది అడిగినారు కాబట్టి ఊర్లు మాత్రమే వేస్తున్నా.

ప్రశ్న (కర్నూలు, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర, డిగ్రీ రెండో సంవత్సరం): అన్నా, నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు పబ్జీలో ఫ్నాటిక్ అని టీమ్ ఉండేది, స్కౌట్ అనే మనోడు ఆడేవాడు. ఇప్పుడు వాలరెంట్‌లో ఫ్నాటిక్ అంటే అంతా తెల్లోళ్ళు కనిపిస్తున్నారు. రెండూ ఒకటేనా? అసలు ఎవరిది ఈ టీమ్, ఏ దేశానిది?

జవాబు: రెండూ ఒకటే తమ్ముడూ. నువ్వు టీమ్ అంటున్నావు కానీ అది టీమ్ కాదు, ఆర్గనైజేషన్. మన గుంతకల్లు పక్కనే కాబట్టి రైల్వేస్‌తో చెప్తా, నీకు టక్కున అర్థమవుతుంది. క్రికెట్‌లో రైల్వేస్ టీమ్ ఉంటుంది, హాకీలో రైల్వేస్ ఉంటుంది, కుస్తీలో రైల్వేస్ వాళ్ళు ఉంటారు, క్రికెట్ ఆడేవాడికీ కుస్తీ పట్టేవాడికీ ఒకరి మొహం ఒకరికి తెలీకపోవచ్చు, జీతం ఇచ్చేది మాత్రం ఒకే చోటు నుంచి. ఇదీ అట్లనే. కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల గేమ్‌కి ఒక టీమ్, లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఎదుటోళ్ళ కోట పగలగొట్టే గేమ్‌కి ఒకటి, వాలరెంట్‌కి ఒకటి, అందరికీ పైన ఒకే పేరు, నలుపు నారింజ రంగు జెర్సీ.

పుట్టింది లండన్‌లో, 2004 జులై 23న. పెట్టింది సామ్ మాథ్యూస్ అనే కుర్రాడు, వాళ్ళమ్మ ఆన్ మాథ్యూస్‌తో కలిసి. ఇంగ్లీషులో ఫెనాటిక్ అంటే పిచ్చి అభిమాని కదా, ఆ స్పెల్లింగ్‌లో మొదటి ఏ తీసేస్తే ఇది వచ్చింది. అప్పటికి ఈస్పోర్ట్స్‌లో, అంటే పోటీగా ఆడే వీడియో గేమ్‌లలో, డబ్బు లేదు, గేమ్‌లు లైవ్‌లో చూపించే ట్విచ్ సైట్ లేదు, యూట్యూబ్ కూడా పుట్టలేదు, సామ్ తన కారు అమ్మేసి ఆ డబ్బుతో ప్లేయర్లని టోర్నమెంట్‌కి పంపించినాడు. చేతిలో ఉన్న ఒక్క ఆస్తి అమ్మి వేరేవాళ్ళని ఆడించడానికి పంపాలంటే ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించు.

అసలు పేరు వచ్చింది 2006లో. స్వీడన్ కుర్రాళ్ళతో కౌంటర్ స్ట్రైక్ 1.6 టీమ్ కట్టినారు, అందులో ఫారెస్ట్ అనే పిల్లోడు ఉన్నాడు, ఆ సంవత్సరం చివర్లో డల్లాస్‌లో జరిగిన సీపీఎల్ వింటర్ అనే టోర్నమెంట్ కొట్టేసినారు. ఆ రోజుల్లో నేను కడప ఏడు రోడ్ల దగ్గర ఒక నెట్ సెంటర్‌లో పనిచేసేవాడిని, ఎనిమిది సిస్టమ్‌లు, అన్నీ వెనక కుండ ఉండే మానిటర్లే, లాన్ కేబుల్ వేసి గంటకి పదిహేను రూపాయలకి 1.6 ఆడించేవాళ్ళం. బాల్ మౌస్ పని చేయకపోతే వెనక మూత తిప్పి బాల్ తీసి లోపల రోలర్‌కి పట్టిన మట్టి గోరుతో గీకి మళ్ళీ పెట్టేవాడిని, ఒక రౌండ్ చచ్చి ఇంకో రౌండ్ మొదలయ్యే లోపల అయిపోవాల. ఎవరో సీడీలో ఫ్నాటిక్ ఆడిన డెమో ఫైల్స్ తెచ్చినారు, గేమ్ ఓపెన్ చేసి కన్సోల్‌లో ప్లేడెమో అని టైప్ చేసి పేరు కొడితే వాళ్ళు ఆడిన మ్యాచ్ మన స్క్రీన్ మీద ఆడేది. ఫారెస్ట్ మౌస్ ఎట్ల కదులుతుందో చూడ్డానికి ఒక్క డెమోని ఎన్నిసార్లు వేసినానో లెక్కే లేదు. అందుకే ఈ పేరంటే నాకు ఇంత ఇది.

2009లో ఫారెస్ట్‌కి తోడు గెట్ రైట్ అనే ఇంకో ప్లేయర్ కూడా చేరినాడు, ఆ సంవత్సరం వీళ్ళని ఆపడం ఎవరి వల్లా కాలేదు, హానోవర్‌లో ఇంటెల్ వాళ్ళ వరల్డ్ ఫైనల్ కూడా వీళ్ళదే. మరుసటేడు చివర్లో ఆ ఇద్దరూ ఎస్‌కే గేమింగ్ అనే వేరే టీమ్‌కి వెళ్ళిపోయినారు. అంత పెద్ద ప్లేయర్లు పోయినా పేరు నిలబడింది, కొత్తవాళ్ళు వచ్చినారు. అప్పటి కెప్టెన్ కార్న్ ఆట మానేసినాక అదే ఆఫీసులో మేనేజ్‌మెంట్ వైపు చేరి చానా ఏళ్ళు గేమింగ్ వ్యవహారాలన్నీ చూసినాడు.

ఇంక నీ పబ్జీ సంగతి. 2019 అక్టోబర్‌లో ఫ్నాటిక్ ఇండియాలోకి వచ్చింది, అప్పటికే ఆడుతున్న ఎక్స్‌స్పార్క్ అనే టీమ్‌ని మొత్తంగా తీసుకుంది, స్కౌట్ అట్ల ఫ్నాటిక్ స్కౌట్ అయినాడు. ఒక్క సంవత్సరం కూడా నిండలేదు, 2020 సెప్టెంబర్ 2న 118 యాప్‌లు బ్యాన్ అయినాయి, అందులో పబ్జీ మొబైల్ ఒకటి. ఆడే గేమే లేకపోతే టీమ్ ఎట్ల ఉంటుంది, కొన్నాళ్ళకి విడిపోయినారు. తర్వాత స్కౌట్ ఎక్స్‌స్పార్క్ పేరునే మళ్ళీ నిలబెట్టి తనే ఓనర్‌గా నడిపినాడు, 2024 జూన్‌లో మన హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన బీజీఎంఐ (పబ్జీ బదులు మన దేశానికి వచ్చిన గేమ్) ఇండియా సిరీస్ ఫైనల్ కొట్టింది ఆ ఎక్స్‌స్పార్కే. లండన్ వాళ్ళ దగ్గర జీతానికి ఆడినోడు ఐదేళ్ళలో తనే జీతాలిచ్చే చోటికి వచ్చినాడు. నాకైతే ఈ కథలో అన్నింటికంటే ఇష్టమైన ముక్క ఇదే.

ప్రశ్న (అనంతపురం, ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్): హాస్టల్లో గొడవ అయింది సార్. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అంటే కొరియా, వాళ్ళు తప్ప ఎవరూ వరల్డ్స్ గెలవలేదు అని మా రూమ్మేట్ అంటాడు. ఫ్నాటిక్ గెలిచింది అని నేను. ఎవరు కరెక్ట్? అట్లనే ఎక్స్‌పెకె చేయడం అంటే ఏమి?

జవాబు: నువ్వే కరెక్ట్, మీ రూమ్మేట్‌తో ఒక ఎగ్ పఫ్ ఇప్పించుకో. చైనా, తైవాన్ టీమ్‌లు కూడా గెలిచినాయి కాబట్టి అతని మాట రెండు రకాలుగా తప్పు.

మొట్టమొదటి వరల్డ్ ఛాంపియన్‌షిప్ 2011 జూన్‌లో స్వీడన్‌లోని యోన్‌షోపింగ్ అనే ఊర్లో, డ్రీమ్‌హాక్ అనే పెద్ద లాన్ పార్టీలో, అంటే అందరూ కంప్యూటర్లు తెచ్చుకుని ఒకచోట కలిపి ఆడే జాతరలో, ఒక మూల జరిగింది. ఇప్పటి వరల్డ్స్ చూసి అట్లాంటి స్టేడియం ఊహించుకోవద్దు. ఎనిమిది టీమ్‌లు, యూరప్, అమెరికా, ఫిలిప్పీన్స్, సింగపూర్ వైపు నుంచి వచ్చినోళ్ళు, కొరియా చైనా వాళ్ళు లేరు. ఫ్నాటిక్ ఆ సంవత్సరం మార్చిలోనే ఒక టీమ్‌ని తీసుకుని ఈ గేమ్‌లోకి దిగింది, మూడు నెలల్లో ఫైనల్‌కి వచ్చి ఫ్రాన్స్ టీమ్ ఎగైనెస్ట్ ఆల్ అథారిటీని 2-1తో ఓడించింది. ఫస్ట్ ప్రైజ్ 50 వేల డాలర్లు. కొరియా లేదు కాబట్టి ఆ కప్పుకి విలువ లేదు అని కొంతమంది అంటారు, నేను ఒప్పుకోను. పరుగు పందెం పెట్టిన రోజు వచ్చి పరిగెత్తినోడే గెలిచినట్టు.

ఎక్స్‌పెకె ఆ టీమ్‌లో మిడ్, అంటే మధ్య దారి కాసే స్థానంలో, ఆడిన స్పెయిన్ కుర్రాడు. 2013 జనవరిలో పోలండ్‌లో కాటోవీస్ అనే ఊర్లో ఎస్‌కే గేమింగ్‌తో మ్యాచ్. ఫ్నాటిక్ ఓడిపోయేటట్టే ఉంది, వాళ్ళ ఇంటి మీద ఎదుటి టీమ్ దాడి చేస్తోంది, నెక్సస్ అంటే ఆ ఇంటికి గుండెకాయ లాంటి కట్టడం, అది పోతే ఆట అయిపోయినట్టే కదా. అప్పుడు ఎక్స్‌పెకె తను ఆడే కసాడిన్ అనే పాత్రతో ఒక్కడే ఎదుటోళ్ళ నెక్సస్ దగ్గర నిలబడినాడు. ఒక దెబ్బ కొట్టడం, వాళ్ళు స్పెల్ వేసే లోపల మాయమై ఇంకో పక్క తేలడం, మళ్ళీ ఒక దెబ్బ, మళ్ళీ మాయం. వెనక్కి పరిగెత్తుకొచ్చిన వాళ్ళు ఎంత వేసినా తగల్లేదు, ఇతని హెల్త్ చుక్కంత మిగిలింది, నెక్సస్ పగిలింది. కామెంటేటర్లు అతని పేరు అరిచిన అరుపు ఇప్పటికీ నెట్‌లో తిరుగుతుంటుంది. అప్పటి నుంచి ఎవరైనా ఓడిపోతా ఓడిపోతా దొంగదారిన పోయి బేస్ కొట్టేస్తే ఎక్స్‌పెకె చేసినాడు అంటారు. మీ హాస్టల్లో ఆ మాట వాడుతున్నారంటే మీరింకా చిన్న పిల్లోళ్ళుగా ఉన్నప్పుడు పుట్టిన మాట అది, పన్నెండేళ్ళు దాటింది.

తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తా. 2015 సమ్మర్ సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి 18 గెలిచినారు, యూరప్‌లో అంతకు ముందు ఎవరూ ఒక్కటి కూడా ఓడకుండా సీజన్ ముగించింది లేదు. 2018లో యూరప్ టైటిల్స్ రెండూ వీళ్ళవే, వరల్డ్స్ ఫైనల్ కూడా చేరినారు, నవంబర్ 3న కొరియాలో ఇంచాన్ స్టేడియంలో చైనా టీమ్ ఇన్విక్టస్ చేతిలో 3-0తో చితికిపోయినారు. ఫ్నాటిక్ మిడ్ ప్లేయర్ క్యాప్స్ మరుసటి సీజన్‌కి నేరుగా ప్రత్యర్థి టీమ్ జీటూకి వెళ్ళిపోయినాడు, ఫ్నాటిక్ అభిమానులకి ఫైనల్ ఓడిన దానికంటే అదే ఎక్కువ బాధ. ఆ దెబ్బ నుంచి లీగ్ టీమ్ చానా ఏళ్ళు కోలుకోలేదు అని నా అభిప్రాయం.

ప్రశ్న (ప్రొద్దుటూరు, బట్టల షాపులో పని): బ్రో, ఫ్నాటిక్ అంటే మోసం చేసిన టీమ్ అని కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్ళు అంటారు. ఏదో బూస్ట్ అంట. నిజంగా చీటింగ్ చేసినారా? చేస్తే మరి అంత గొప్ప టీమ్ అని ఎందుకు అంటారు?

జవాబు: దీనికి కొంచెం ఓపిగ్గా చెప్పాల బ్రో, సగం తెలిసినోళ్ళే ఎక్కువ మాట్లాడేది ఈ విషయంలో.

ముందు వెనక కథ. కౌంటర్ స్ట్రైక్ గ్లోబల్ అఫెన్సివ్‌లో, ఆ గేమ్ తయారుచేసిన వాల్వ్ వాళ్ళు మొదటిసారి మేజర్ అని అన్నింటికంటే పెద్ద టోర్నమెంట్ పెట్టింది 2013 నవంబర్‌లో, అదీ యోన్‌షోపింగ్‌లోనే. గేమ్‌లో తుపాకీలకి రంగులేసే స్కిన్‌ల పెట్టెలు ఆడేవాళ్ళు కొన్న డబ్బులోంచి రెండున్నర లక్షల డాలర్ల ప్రైజ్ తీసినారు. అందరూ నిప్ అనే స్వీడన్ టీమ్ గెలుస్తుందనుకున్నారు, నేను చెప్పిన ఫారెస్ట్, గెట్ రైట్ ఇద్దరూ అప్పటికి నిప్‌లోనే ఉన్నారు చూడు. ఫైనల్లో వాళ్ళ పాత ఆర్గనైజేషన్ ఫ్నాటిక్కే వాళ్ళని 2-1తో ఓడించింది. మరుసటేడు ఓలోఫ్‌మైస్టర్, క్రిమ్జ్ అనే ఇద్దరు ప్లేయర్లు వచ్చి చేరినారు, టీమ్ ఇంకా గట్టి పడింది.

2014 నవంబర్ చివర, డ్రీమ్‌హాక్ వింటర్ మేజర్, క్వార్టర్ ఫైనల్, ఎదురుగా ఫ్రాన్స్ టీమ్ ఎల్‌డీఎల్‌సీ. మూడో మ్యాప్, అంటే గేమ్‌లో ఆడే చోటు, ఓవర్‌పాస్. ఫస్ట్ హాఫ్‌లో ఫ్నాటిక్ బాగా వెనకబడిపోయింది, ఇంక అయిపోయింది అనుకునే టైమ్‌లో ఒక బూస్ట్ బయటికి తీసినారు. బూస్ట్ అంటే ఒకడి నెత్తి మీద ఇంకొకడు ఎక్కడం, మన ఉట్టి కొట్టేటప్పుడు ఎక్కుతారే అట్ల. ఓలోఫ్‌మైస్టర్ అట్ల ఎక్కి, కంటికి కనపడని ఒక అంచు మీద నిలబడినాడు. అక్కడి నుంచి మ్యాప్‌లో పెద్ద భాగం కనిపిస్తుంది, ఎదుటోడికి మాత్రం ఇట్లాంటి చోట మనిషి ఉంటాడని ఊహకి కూడా రాదు. ఒక్కో రౌండ్ లాక్కొచ్చి 16-13తో గెలిచినారు. ఆ మ్యాచ్ రీప్లే ఇప్పుడు చూసినా ఆ ఫ్రాన్స్ పిల్లోళ్ళ మొహాలు చూడలేం.

ఎల్‌డీఎల్‌సీ కంప్లైంట్ ఇచ్చింది. కనపడని అంచు మీద నిలబడటం, దాన్నే పిక్సెల్ వాకింగ్ అంటారు, రూల్ ప్రకారం కుదరదు. ముందు సెకండ్ హాఫ్ మళ్ళీ ఆడమన్నారు. తర్వాత ఎల్‌డీఎల్‌సీ కూడా ఇంకో చోట రూల్‌కి వ్యతిరేకమైన బూస్ట్ వాడిందని తేలింది, సరే మ్యాప్ మొత్తం మళ్ళీ ఆడండి అన్నారు. ఈ లోపల నెట్‌లో ఫ్నాటిక్‌ని తిట్టిన తిట్లు మామూలుగా లేవు. చివరికి ఫ్నాటిక్ మేం ఆడం అని మ్యాచ్ వదిలేసి టోర్నమెంట్ నుంచి తప్పుకుంది. ఎల్‌డీఎల్‌సీ ముందుకు పోయి ఆ మేజరే గెలిచింది.

చీటింగా అంటే, సాఫ్ట్‌వేర్ హ్యాక్ కాదు, మ్యాప్‌లో ఉన్న లోపాన్ని వాడుకోవడం, కానీ రూల్ ఉంది, అది తప్పిందీ నిజమే. నా వరకు తప్పు తప్పే, దానికి సాకులు చెప్పను. వదిలేసి వెళ్ళడం కూడా చిన్న విషయం కాదు, ఆ టైమ్‌లో వాళ్ళే ఫేవరెట్లు, మళ్ళీ ఆడితే గెలిచే ఛాన్స్ బాగానే ఉంది. ఇంక తర్వాత ఏం జరిగిందో చూడు. 2015 మార్చిలో కాటోవీస్ మేజర్, ఫైనల్లో మళ్ళీ నిప్, మళ్ళీ ఫ్నాటిక్ 2-1. ఆగస్టులో కొలోన్ మేజర్, ఫైనల్లో ఎన్వీయస్ అనే ఫ్రాన్స్ టీమ్, అందులో హ్యాపీ, ఎన్‌బీకే, కియోషిమా ముగ్గురూ ఆ రోజు ఓవర్‌పాస్‌లో ఎల్‌డీఎల్‌సీ తరఫున ఆడినోళ్ళే. ఈసారి ఏ బూస్ట్ గొడవా లేకుండా 2-0. మూడు మేజర్‌లు గెలిచిన మొదటి టీమ్, వరసగా రెండు గెలిచిన మొదటి టీమ్. గొప్ప టీమ్ అని ఎందుకంటారంటే ఇందుకే. మీ ఫ్రెండ్స్ బూస్ట్ గురించి చెప్పినప్పుడు కొలోన్ గురించి కూడా చెప్పమను.

ప్రశ్న (డోన్): ఆసియా వాళ్ళు ఎవరూ ఆడలేదా ఫ్నాటిక్‌కి?

జవాబు: ఎందుకు ఆడలేదు. డోటా 2 అనే ఇంకో గేమ్‌లో చానా ఏళ్ళు మలేషియా, ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళే ఫ్నాటిక్. 2016లో ఆ గేమ్ ప్రపంచ పోటీ ఇంటర్నేషనల్‌లో నాలుగో ప్లేస్ వచ్చింది, ముషి, మిడ్‌వన్, ఒహైయో ఆ టీమ్‌లో వాళ్ళే. 2023లో డోటా నుంచి తప్పుకున్నారు.

ప్రశ్న (కడప, ఎర్రముక్కపల్లి, ఒక అమ్మ): అన్నా, మావాడు ఇంటర్ సెకండ్ ఇయర్. పొద్దస్తమానం ఫోనే. ఏమన్నా అంటే నేను ప్రో ప్లేయర్ అవుతా, లక్షలు వస్తాయి, చదువు ఎందుకు అంటాడు. వాళ్ళ నాయన ఒకసారి ఫోన్ లాక్కుంటే రెండు రోజులు అన్నం తినలేదు. మీరు ఈ ఆటల గురించి రాస్తుంటారు కాబట్టి అడుగుతున్నా, ఇది నిజంగా ఉద్యోగమేనా?

జవాబు: అక్కా, మీ ఉత్తరం రెండు మూడుసార్లు చదివినా. నిజంగా ఉద్యోగమే, చానా తక్కువ మందికి. రెండు మాటలూ మీవాడికి కలిపే చెప్పాల, ఒకటే చెప్తే వినడు.

ఫ్నాటిక్ లాంటి చోట ప్లేయర్ అంటే నెల జీతం, కాంట్రాక్ట్, కోచ్, అనలిస్ట్, ప్రయాణం ఖర్చులు, గెలిచిన ప్రైజ్‌లో వాటా. ఆర్గనైజేషన్‌కి డబ్బు ప్రైజ్‌ల నుంచి రాదు, స్పాన్సర్ల నుంచి, లీగ్ వాటాల నుంచి, జెర్సీలు అమ్మడం నుంచి వస్తుంది. 2020లో బీఎండబ్ల్యూ కంపెనీ ఐదు ఈస్పోర్ట్స్ ఆర్గనైజేషన్‌లతో ఒప్పందం చేసుకుంటే అందులో ఫ్నాటిక్ ఒకటి. ఫ్నాటిక్ సొంతంగా మౌస్‌లు, కీబోర్డులు, హెడ్‌సెట్లు కూడా అమ్ముతుంది. ఇంత చేసినా ఒక గేమ్‌కి ఐదుగురు ఆరుగురు. ఆ ఐదుగురిలో ఒకడు కావాలంటే దేశమంతా అదే కలగంటున్న లక్షల మందిని దాటాల.

ఇంకో విషయం మీవాడి ముందు కచ్చితంగా చెప్పండి. 2020లో ఒక్క రాత్రికి పబ్జీ పోయింది. తర్వాత 2021 జులైలో బీజీఎంఐ అని వచ్చింది, 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి తీసేసినారు, 2023 మే దాకా రాలేదు. ఆ గ్యాప్‌లలో ఎంతోమంది మంచి ప్లేయర్లు ఏం చేయాలో తెలీక కూర్చున్నారు. చేతిలో డిగ్రీ ఉన్నోళ్ళకి ఆ టైమ్ గడిచింది, లేనోళ్ళకి గడవడం కష్టమైంది. ఆట వాళ్ళ చేతిలో ఉంటుంది గానీ ఆట నడిపే కంపెనీ, పర్మిషన్ ఇచ్చే ప్రభుత్వం వాళ్ళ చేతిలో ఉండవు కదా అక్కా.

ఇది జూదం అని వాళ్ళ నాయన అనుకుంటుంటే అది మాత్రం కాదని చెప్పండి. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈస్పోర్ట్స్‌ని క్రీడల శాఖ కిందికి తెచ్చింది, 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించి ఈస్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించినారు. మీవాడు రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు ఆడుతుంటే వెంటనే ఆపించండి, బీజీఎంఐ ఆడుతుంటే టైమ్ కట్టండి. పద్దెనిమిది నిండని పిల్లలకి రోజుకి మూడు గంటలే అని ఆ గేమ్‌లోనే లిమిట్ ఉంది, వాడు వేరేవాళ్ళ నంబర్‌తో లాగిన్ అయి దాన్ని దాటేస్తున్నాడేమో ఒకసారి చూడండి. నా దగ్గరికి వచ్చే పిల్లోళ్ళలో చానామంది చేసేది అదే.

ఫోన్ లాక్కోవడం వల్ల పని కాదు, నేను చూసినంతలో. వాడి పక్కన కూర్చుని ఒక్క మ్యాచ్ చూడండి, ఎవరు కెప్టెన్, ఎవరు ఏం పిలుస్తున్నారు అడగండి. మీరు అడిగితే వాడు చెప్తాడు, చెప్పేటప్పుడు వాడికి ఎంత తెలుసో ఎంత తెలీదో మీకే అర్థమవుతుంది. ఆ లండన్ కుర్రాడి పక్కన వాళ్ళమ్మ ఉన్నింది అని పైన రాసినా కదా, ఆమెతో కలిసే కొడుకు ఆ టీమ్ పెట్టినాడు. ఇంటర్ పరీక్షలు రాయించండి, మార్కులు ఎన్ని వచ్చినా పర్లేదు, పాస్ కావాల. రోజుకి రెండు గంటలు టీమ్‌తో ప్రాక్టీస్ అని మీరే టైమ్ పెట్టండి. సంవత్సరం తర్వాత వాడు ఏ టోర్నమెంట్‌లో ఎంత వరకు వచ్చినాడో చూసి అప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. వాడిని నాకు మెసేజ్ చేయమనండి, నేను మాట్లాడతా.

ప్రశ్న (తాడిపత్రి, నలుగురు స్నేహితులు కలిసి రాసినది): మేం నలుగురం బీజీఎంఐ బాగా ఆడతాం. ఒకాయన ఫోన్ చేసి మా ఆర్గనైజేషన్‌లో చేరండి, మూడేళ్ళ అగ్రిమెంట్, జెర్సీ ఇస్తాం, ప్రైజ్‌లో సగం మాది అన్నాడు. ఫ్నాటిక్ కూడా ఇట్లనే మొదలైంది కదా అంటున్నాడు. సంతకం పెట్టమంటారా?

జవాబు: పెట్టొద్దు. ఇప్పుడే కాదు.

ఫ్నాటిక్ మొదలైనప్పుడు ఓనర్ కారు అమ్మి ప్లేయర్ల మీద ఖర్చు పెట్టినాడు. మీ దగ్గరికి వచ్చినాయన ఏం ఖర్చు పెడుతున్నాడు, నాలుగు జెర్సీలు. బదులుగా మూడేళ్ళు, సగం ప్రైజ్. నెలకి జీతం ఎంత అని అడగండి, టీమ్ అంతా ఒకచోట ఉండి ప్రాక్టీస్ చేసే బూట్‌క్యాంప్ ఎక్కడ, ఫోన్లు నెట్ ఎవరిస్తారు, టోర్నమెంట్‌కి వేరే ఊరు పోతే ట్రైన్ టికెట్ ఎవరిది, మధ్యలో వేరే టీమ్ పిలిస్తే వదలడానికి ఎంత అడుగుతాడు, ఇవన్నీ కాగితం మీద రాసివ్వమనండి. ఆర్గనైజేషన్‌లు ప్లేయర్‌ని వదలడానికి అడిగే డబ్బుని బైఅవుట్ అంటారు, పెద్ద చోట్ల అది మామూలే, కానీ జీతం ఇవ్వనోడు బైఅవుట్ అడగడం అన్యాయం. మీలో ఎవరికైనా పద్దెనిమిది నిండకపోతే మీరు పెట్టిన సంతకం చట్టం ముందు చెల్లదు, అది తెలిసీ పెట్టించుకుంటున్నాడంటే ఆ మనిషిని నమ్మొద్దు.

నేను ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నెట్ సెంటర్ మూతపడినాక కొన్నాళ్ళు మా పిల్లోళ్ళ టీమ్‌ని నేనే చూసుకున్నా. ఒక టోర్నమెంట్‌కి టీమ్‌కి రెండు వందలు ఎంట్రీ కట్టి ఆడించినా, సెకండ్ వచ్చినారు, ప్రైజ్ ఎనిమిది వేలు. పెట్టినోళ్ళు రేపు వేస్తాం, ఎల్లుండి వేస్తాం అని నెల తిప్పి, తర్వాత గ్రూప్‌లోంచే తీసేసినారు. అందులో ఒక పిల్లోడు ఆ డబ్బుతో వాళ్ళ చెల్లెలికి సైకిల్ కొంటానని ముందే చెప్పేసినాడు. ఆ పిల్లోడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. నా జేబులోంచి కొంత ఇచ్చినా గానీ అది గెలిచిన డబ్బు కాదు కదా, వాడు తీసుకోలేదు.

అందుకని ముందు మీ నలుగురూ సొంత పేరుతో ఓపెన్ క్వాలిఫయర్‌లు, అంటే ఎవరైనా చేరగలిగే అర్హత పోటీలు, ఆడండి. బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ వాళ్ళ అఫీషియల్ టోర్నమెంట్‌లలో మామూలు టీమ్‌లకి కూడా రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఎన్ని రౌండ్లు దాటినారో అదే మీ బయోడేటా. ఈస్పోర్ట్స్ పోటీలో చేరడానికి ఫీజు తీసుకోవడం కొత్త చట్టంలో తప్పు కాదు, ఆ ఫీజు నిర్వహణ ఖర్చు కోసం ఉండాల, పందెం కాయడం ఉండకూడదు. అందరి దగ్గరా వసూలు చేసి గెలిచినోడికి కుప్పగా ఇస్తాం అని ఎవరికి వాళ్ళు పెట్టే లోకల్ మ్యాచ్‌లకి (కస్టమ్ రూమ్‌లకి) దూరంగా ఉండండి.

ఆటలో పైకి రావడానికి మన సీమలో చోటు లేదని మీరు రాసినారు, అది చదివి బాధేసింది. మీ అనంతపురం జిల్లాలోనే ఆర్‌డీటీ స్టేడియంలో పల్లె పిల్లోళ్ళు క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ నేర్చుకుంటున్నారు, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అక్కడే జరిగినాయి. గ్రౌండ్, కోచ్, భోజనం ఇచ్చి తర్వాత ఫలితం అడిగే చోటు ఎట్లుంటుందో ఒక ఆదివారం పోయి చూసి రండి. మీకు జెర్సీ ఇస్తానన్నాయన దగ్గర వాటిలో ఎన్ని ఉన్నాయో అప్పుడు లెక్కేసుకోండి.

ప్రశ్న (ఆదోని, డిగ్రీ చదివే అమ్మాయి): నేను వాలరెంట్ ఆడతాను అన్నయ్యా, మా ఇంట్లో సిస్టమ్ లేదు, మామయ్య వాళ్ళింట్లో సెలవుల్లో ఆడతాను. ఫ్నాటిక్ మ్యాచ్ ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు?

జవాబు: చెల్లీ, నీ ప్రశ్న చివరికి పెట్టింది కావాలనే, ఇది రాయడానికి పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నా.

ఫ్నాటిక్ వాలరెంట్‌లోకి 2021 ఫిబ్రవరిలో వచ్చింది, సమ్ ఎఫ్‌సీ అనే చిన్న టీమ్‌ని తీసుకుంది, వాళ్ళ కెప్టెన్ బోస్టర్ అనే ఇంగ్లండ్ కుర్రాడు. స్టేజీ మీద డాన్స్ చేసుకుంటా వస్తాడు, చూసినోళ్ళు తేలిగ్గా తీసుకుంటారు, గేమ్ మొదలైతే అయిదుగురినీ నడిపించేది అతనే. అదే ఏడు రేక్యావిక్‌లో జరిగిన మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్‌లో ఫైనల్ చేరి సెంటినెల్స్ టీమ్ చేతిలో 3-0తో ఓడినారు.

నువ్వు చూడాల్సింది 2023 మార్చి 4న సావో పాలోలో జరిగిన లాక్ ఇన్ ఫైనల్. 32 టీమ్‌ల టోర్నమెంట్, ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. ఫైనల్లో ఎదురుగా లౌడ్, అంతకు ముందేడు ప్రపంచ ఛాంపియన్లు, పైగా బ్రెజిల్ వాళ్ళు, ఆడేది బ్రెజిల్‌లోనే. స్టేడియం నిండా ఆకుపచ్చ జెర్సీలు, ఫ్నాటిక్ కోసం అరిచేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఫ్నాటిక్ మొదటి రెండు మ్యాప్‌లు గెలిచింది, లౌడ్ తర్వాతి రెండూ గెలిచి సమం చేసింది. ఐదో మ్యాప్ ఐస్‌బాక్స్. లౌడ్ 11, ఫ్నాటిక్ 3. పదమూడు వస్తే మ్యాచ్ అయిపోతుంది, ఇంకా రెండు రౌండ్లు చాలు. జనం అప్పటికే పండగ మొదలుపెట్టేసినారు.

అక్కడి నుంచి చూడు. బోస్టర్ మొహం మీద కెమెరా వచ్చినప్పుడల్లా గమనించు, తగ్గడు, మాట్లాడతానే ఉంటాడు, పక్కనోళ్ళు అల్ఫాజెర్, డెర్కే, లియో, క్రానికల్ ఒక్కొక్కరూ తలూపుతుంటారు. ఒక రౌండ్ వస్తుంది, ఇంకోటి వస్తుంది, స్టేడియంలో అరుపు కొంచెం కొంచెం తగ్గడం నీకు హెడ్‌ఫోన్స్‌లో తెలుస్తుంది. ఓవర్‌టైమ్ దాకా లాక్కొచ్చి 14-12తో గెలిచినారు. ఆ ఏడు జూన్‌లో టోక్యో మాస్టర్స్ కూడా కొట్టినారు, ఫైనల్లో ఈవిల్ జీనియసెస్ మీద 3-0. 2025లో టొరంటో మాస్టర్స్‌లో పేపర్ రెక్స్ చేతిలో, పారిస్ ఛాంపియన్స్‌లో ఎన్‌ఆర్‌జీ చేతిలో 3-2తో, రెండు ఫైనల్‌లూ ఓడినారు, పారిస్‌లో కూడా కెప్టెన్ బోస్టరే.

ఫుల్ మ్యాచ్ యూట్యూబ్‌లో ఉంది, గంటల కొద్దీ ఉంటుంది కాబట్టి మామయ్య వాళ్ళింటికి పోయినప్పుడు ఐదో మ్యాప్ ఒక్కటీ మొదటి నుంచి చూడు, హైలైట్స్ వద్దు. చూసినాక ఏ రౌండ్ దగ్గర లౌడ్ వాళ్ళు తడబడటం మొదలైందో నాకు రాసి పంపు, నేను అనుకున్న రౌండ్, నువ్వు అనుకున్న రౌండ్ ఒకటేనా కాదా వచ్చే నెల పేజీలో వేస్తా.